కత్తెర ఎవరి చేతిలో? అతుకుల బొంత చరిత్రలో ముందే కత్తిరించిన చతురస్రం

వ్యాససంగ్రహం

ఇంగ్లండు, అమెరికా దేశాల అతుకుల బొంతల చరిత్రను సాధారణంగా పొదుపు కథగా చెబుతారు. చిరిగిన బట్టల నుంచి మిగిలిన ముక్కలను గృహిణి కూడబెట్టి కుటుంబానికి కప్పుడు గుడ్డ తయారుచేసిందన్నది ఆ కథ సారం. అయితే 18వ శతాబ్ది నుంచి నేటి వరకు లభిస్తున్న ఆధారాలను వరుసగా పరిశీలిస్తే బొంతలోని ముక్కకు, అంగడికి మధ్య సంబంధం మొదటినుంచీ ఉన్నదని తెలుస్తుంది. కోరమండల్ తీరపు చీటిగుడ్డలు, 1880లలో టపాలో అమ్ముడైన పట్టు ముక్కల పొట్లాలు, 20వ శతాబ్ది తొలినాళ్ల కిట్లు, 2006 తరువాత వచ్చిన పది అంగుళాల చతురస్రాల కట్టలు ఈ సంబంధానికి వివిధ దశలు. ఒక్కొక్క దశలో కత్తిరింపు, రంగుల ఎంపిక, కూర్పు, కుట్టు అనే నాలుగు పనులు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న ఆధారంగా బొంత కర్తృత్వాన్ని విశ్లేషించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: అతుకుల బొంత, చీటిగుడ్డ, కోరమండల్ తీరం, స్త్రీల శ్రమ, కర్తృత్వం, గీస్ బెండ్, వస్త్ర వాణిజ్యం

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'అతుకుల బొంత' అన్న మాట ఎక్కువగా నిందగానే వినిపిస్తుంది. పొంతన లేని రచనను, నిలకడ లేని రాజకీయ కూటమిని ఆ మాటతోనే ఎత్తిపొడుస్తారు. అతుకు అంటే లోపాన్ని కప్పిపుచ్చేదనీ, అసలు గుడ్డ చిరిగితేనే అతుకు అవసరమవుతుందనీ ఈ వాడుక వెనుక ఉన్న భావన. అమెరికన్ సంస్కృతిలో ఇదే వస్తువుకు పూర్తిగా భిన్నమైన గౌరవం లభించింది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ సేకరించిన బొంతలను గోడలకు వేలాడదీసి, ఆధునిక నైరూప్య చిత్రాల సరసన నిలబెట్టి ప్రదర్శించింది. 1973లో పట్రీషియా మైనార్డి రాసిన వ్యాసం, బొంతను స్త్రీల మహత్తర కళారూపంగా గుర్తించాలని వాదించింది.

నిందలోనూ స్తుతిలోనూ ఒక ఊహ సమానంగా కనిపిస్తుంది. ముక్క ఇంట్లో మిగిలినదే, కత్తెర ఇల్లాలి చేతిలోదే అన్నది ఆ ఊహ. నేడు దుకాణంలో ఒకే కొలతకు యంత్రం కత్తిరించిన చతురస్రాలు కట్టలుగా దొరుకుతున్నాయి. వాటిని కొని కుట్టిన బొంత అసలైన బొంతేనా అన్న చర్చ కుట్టేవారిలోనూ పరిశోధకులలోనూ ఉంది. ఈ చర్చకు సమాధానం చెప్పాలంటే ముందు ఆ ఊహ ఎంతవరకు నిజమో పరీక్షించాలి.

2. బొంత, అతుకుల బొంత: నిర్మాణ భేదం

తెలుగు ప్రాంతాల బొంతలో ప్రధానమైన ప్రక్రియ పొరలు పేర్చడం. పాత చీరలు, పంచెలు, దుప్పట్లు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచు నుంచి అంచుకు వరుసలుగా సూటి కుట్లు వేస్తారు. చిరుగు ఉన్నచోట అతుకు పడుతుంది. చీర వీలైనంతవరకు నిండుగానే ఉంటుంది. గుడ్డ ఇంటివాళ్లదే. కుట్టేది ఇంటి స్త్రీలు కావచ్చు, ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టే స్త్రీలు కావచ్చు. పసిబిడ్డ పొత్తిళ్లకు మెత్తబడిన పాత చీరే కావాలి. కొత్త గుడ్డ ఆ పనికి రాదు. కనుక ఇక్కడ గుడ్డ పాతదనం ఒక గుణం.

ఇంగ్లండు, అమెరికాల అతుకుల బొంత నిర్మాణం వేరు. దానికి మూడు పొరలు ఉంటాయి: పైపొర, మధ్యలో దూది లేదా ఉన్ని, అడుగు గుడ్డ. పైపొర మాత్రమే ముక్కల కూర్పు. ఆ ముక్కలకోసం మంచి గుడ్డనే చిన్నచిన్న జ్యామితీయ ఆకారాలుగా కోసి, మళ్లీ కలిపి కుడతారు. బొంతలో అతుకు చిరుగును మూస్తుంది. అతుకుల బొంతలో అతుకే గుడ్డను నిర్మిస్తుంది. కోయడం అనే పని లేకుండా ఈ రెండో వస్తువు పుట్టదు. అందువల్లనే దాని చరిత్రలో కత్తెర ఎవరి చేతిలో ఉందన్నది కీలకమైన ప్రశ్న అవుతుంది.

3. కోరమండల్ తీరపు గుడ్డ, ఇంగ్లండు పడకగది

ఇంగ్లండులో నిలిచి ఉన్న తొలి అతుకుల పనులలో కంబ్రియా ప్రాంతంలోని లెవెన్స్ హాల్ పడక సామగ్రి ఒకటి. దానిని సంప్రదాయంగా 1708 నాటిదని చెబుతారు. అందులోని ముక్కలు భారతదేశం నుంచి వెళ్లిన చీటిగుడ్డలు. బ్రిటన్‌లోని క్విల్టర్స్ గిల్డ్ సేకరణలో ఉన్న మరొక కప్పుడు గుడ్డమీద 1718 అన్న సంవత్సరం ముక్కలతోనే కూర్చి ఉంది. అది పట్టు ముక్కల పని. ముక్కల ఆకారం చెదరకుండా లోపల పెట్టిన కాగితపు అచ్చులు ఇప్పటికీ అందులోనే ఉన్నాయి. ఈ రెండింటిలో ఏదీ పేదింటి వస్తువు కాదు. పట్టు, దిగుమతి చీటి ఆనాటి ఇంగ్లండులో ఖరీదైన సరుకులు.

ఆ చీటిగుడ్డల వెనుక తెలుగు తీరానికి గట్టి సంబంధం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నది. కోరమండల్ తీరంలో తయారైన గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి, కలంతో పటిక ద్రావణాన్ని ఎరుపు రావలసినచోట, ఇనుప ద్రావణాన్ని నలుపు రావలసినచోట రాసి, చిరివేరుతో మరిగించేవారు. నీలం పట్టకూడని భాగాలకు మైనం పూసి నీలిమందులో ముంచేవారు. ఉతికినా వెలవని ఈ రంగులే యూరపును ఆకర్షించాయి. ఆకర్షణ ఎంత బలమైనదంటే స్థానిక ఉన్ని, పట్టు పరిశ్రమల ఒత్తిడితో ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండులో 1701లో అమల్లోకి వచ్చిన చట్టం అద్దకపు నూలుగుడ్డల దిగుమతిని దేశీయ వినియోగానికి నిషేధించగా, 1721 నాటి చట్టం వాటిని ధరించడాన్నీ, పడకలకూ కుర్చీలకూ వాడడాన్నీ కూడా నిషేధించింది. ఈ నిషేధం 1774 వరకు కొనసాగింది.

ఇటువంటి పరిస్థితిలో ఇంట్లో మిగిలిన జానెడు చీటిముక్క కూడా విలువైనదే. తరువాతి కాలంలో చీటిగుడ్డలోని పువ్వులను, పక్షులను విడిగా కత్తిరించి తెల్లటి గుడ్డమీద అమర్చి కుట్టే పద్ధతి ఇంగ్లండులో వ్యాపించింది. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది తొలిభాగంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల సంపన్న గృహాలలోనూ అది ప్రచారంలో ఉండేది. కొద్ది గుడ్డను పెద్ద వైశాల్యంమీద పరిచి చూపే ఉపాయమది. దీనిని పొదుపు అనవచ్చు. అయితే అది విలాస వస్తువు విషయంలో పాటించిన పొదుపు.

ఇక్కడ కర్తృత్వం రెండుగా చీలిపోయింది. పువ్వును గీసి, రంగు నిలిపినవాడు కోరమండల్ పనివాడు. ఆ పువ్వును కత్తిరించి మరోచోట నాటినది ఆంగ్ల, అమెరికన్ గృహిణి. మ్యూజియం పట్టికలలో రెండో వ్యక్తి పేరు కొన్నిసార్లు ఉంటుంది. మొదటి వ్యక్తి పేరుచోట 'భారతదేశం' అని మాత్రమే ఉంటుంది.

4. మిల్లు గుడ్డ, అచ్చయిన నమూనా

19వ శతాబ్దిలో అతుకుల బొంత సామాన్యుల ఇళ్లకు చేరడానికి పేదరికంకంటే గుడ్డ చవకకావడమే ముఖ్య కారణం. 1793లో వచ్చిన పత్తిగింజలు వేరుచేసే యంత్రం, దక్షిణాది తోటలలో బానిసల శ్రమ, ఉత్తరాది మిల్లుల విస్తరణ కలిసి అచ్చు నూలుగుడ్డను అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. బొంతలోని చవక ముక్క వెనుక పత్తిచేలో జీతం లేని చాకిరీ ఉందన్న సంగతిని పొదుపు కథ ప్రస్తావించదు.

నమూనాలు కూడా అచ్చులోకి వచ్చాయి. 1835లో 'గోడీస్ లేడీస్ బుక్' పత్రిక షట్కోణపు ముక్కల నమూనాను ప్రచురించింది. 1840ల నుంచి ఒక్కొక్క చతురస్రాన్ని విడిగా పూర్తిచేసి చివర కలిపే పద్ధతి ప్రబలమైంది. ఆ దశాబ్దంలోనే స్నేహ బొంతలు వెలిశాయి. ఊరు విడిచి వెళ్లేవారికి, పెళ్లి చేసుకునేవారికి ఇచ్చే ఈ బొంతలో ఒక్కొక్క చతురస్రంమీద ఒక్కొక్కరు చెరగని సిరాతో తమ పేరు రాసేవారు. స్త్రీల చేతిపనిలో పేర్లు ఇంత స్పష్టంగా నిలిచిన సందర్భాలు అరుదు.

ఈ శతాబ్ది ఉత్తరార్ధంలో 'చార్మ్' బొంత అనే ప్రక్రియ వచ్చింది. ఒకే ఆకారం, కానీ ఏ రెండు ముక్కలూ ఒకే గుడ్డవి కాకూడదన్నది దాని నియమం. వందల రకాల గుడ్డలు ఏ ఒక్క ఇంట్లోనూ ఉండవు. కనుక ఇరుగుపొరుగుతో, బంధువులతో ముక్కలు మార్చుకోవలసి వచ్చేది. అటువంటి బొంతను ఒక సామాజిక బంధాల పట్టికగా చదవవచ్చు.

1880లలో పట్టు, వెల్వెట్ ముక్కలను క్రమంలేకుండా అమర్చి, అతుకులమీద అల్లికపని చేసే 'క్రేజీ' బొంతల మోజు వ్యాపించింది. ఇంటిలో అన్ని రకాల పట్టు లేనివారికోసం పట్టు ముక్కల పొట్లాలను టపాలో పంపుతామని వ్యాపారులు స్త్రీల పత్రికలలో ప్రకటనలు ఇచ్చారు. మిగిలిపోయినట్లు కనిపించవలసిన ముక్కను డబ్బిచ్చి కొనడం ఇక్కడ స్పష్టంగా నమోదైంది. కత్తెర అప్పటికే కొంతవరకు ఇల్లు దాటింది.

5. కిట్టు, సంచిగుడ్డ, 1933 బహుమతి

పొదుపరి అయిన పూర్వకాలపు నాయనమ్మ చిత్రం అమెరికాలో స్థిరపడినది 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో. ఇండియానా రాష్ట్రానికి చెందిన మేరీ వెబ్‌స్టర్ 1915లో బొంతల చరిత్రపై తొలి సమగ్ర గ్రంథం ప్రచురించారు. ఆమె నమూనాల వ్యాపారం కూడా నడిపారు. 1921 నాటికి ఆమె భాగస్వామ్య సంస్థ నమూనాలతోపాటు కిట్లను కూడా అమ్మింది. వలస కాలపు గృహజీవనంపై వ్యామోహం పెరిగిన ఈ రోజులలోనే ఆ జీవనానికి గుర్తుగా కొత్త గుడ్డతో తయారైన సరుకు అంగడికి వచ్చింది. గతాన్ని గురించిన కథ, ఆ కథను ఇంటికి తెచ్చుకునే సామగ్రి పక్కపక్కనే ప్రచారమయ్యాయి.

అదే కాలంలో మరొకవైపు నిజమైన పొదుపు కూడా ఉంది. పిండి, కోళ్లమేత, పశువుల దాణా నింపే నూలు సంచులను గ్రామీణ స్త్రీలు విప్పి బట్టలకూ బొంతలకూ వాడుకునేవారు. 1920లలో మిల్లులు దీన్ని గమనించి గళ్లు, పూలు అచ్చువేసిన సంచులలో సరుకు నింపసాగాయి. వంద పౌండ్ల సంచిని విప్పితే గజానికి పైగా గుడ్డ వచ్చేది. ఒకే పూలగుడ్డ సంచులు మరికొన్ని కావాలంటే అదే రకం దాణాను మళ్లీ కొనాలి. పేదరికపు పొదుపును సైతం వ్యాపారం తన లెక్కలో చేర్చుకుంది.

ఈ కాలపు వైరుధ్యాలన్నీ 1933లో ఒకేచోట బయటపడ్డాయి. చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ సంస్థ జాతీయ బొంతల పోటీ నిర్వహించింది. ఆర్థిక మాంద్యం తీవ్రంగా ఉన్న ఆ సంవత్సరంలో 1,200 డాలర్ల ప్రథమ బహుమతి కోసం సుమారు 24,000 బొంతలు వచ్చాయి. బహుమతి కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌కు చెందిన మార్గరెట్ కేడెన్‌కు దక్కింది. గెలిచిన బొంతను అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌కు కానుకగా ఇచ్చారు. ఆ బొంతను కేడెన్ స్వయంగా కుట్టలేదని, కూలికి పనిచేసే స్త్రీలచేత చేయించారని, వారికి బహుమతిలో వాటా అందలేదని తరువాతి కాలంలో మెరికే వాల్డ్‌వోగెల్, బార్బరా బ్రాక్‌మన్ పరిశోధన వెలికితీసింది. ముక్క ఎక్కడినుంచి వచ్చిందన్న దానికంటే పని ఎవరు చేశారు, పేరు ఎవరికి దక్కింది అన్నదే బొంత చరిత్రలో అసలు వివాదమని ఈ ఉదంతం తెలుపుతుంది.

6. పది అంగుళాల చతురస్రం

1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు బొంతల పునరుజ్జీవనానికి ఊతమిచ్చాయి. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ రోటరీ కట్టరును విపణిలోకి తెచ్చింది. గీతలు గీసిన పలకమీద, పారదర్శకమైన స్కేలు ఆనించి, చక్రంవంటి ఈ కత్తిని దొర్లిస్తే ఒకేసారి అనేక పొరలు తెగుతాయి. అచ్చు పెట్టి, పెన్సిలుతో గీసి, కత్తెరతో ఒక్కొక్క ముక్కను కోసే పాత పద్ధతి క్రమంగా వెనుకబడింది. సూటి అంచుల చతురస్రాలు, పట్టీలు మిగిలిన ఆకారాలను పక్కకు నెట్టాయి.

తరువాతి మలుపు ఆ కోత కూడా ఇల్లు దాటిపోవడం. టెక్సాస్‌లోని డల్లాస్ కేంద్రంగా ఉన్న మోడా ఫ్యాబ్రిక్స్ 2006లో రెండున్నర అంగుళాల పట్టీల చుట్టను 'జెల్లీ రోల్' పేరుతో ప్రవేశపెట్టింది. పది అంగుళాల చతురస్రాల కట్టకు 'లేయర్ కేక్', ఐదు అంగుళాల కట్టకు 'చార్మ్ ప్యాక్' అని పేర్లు వచ్చాయి. లేయర్ కేక్ కట్టలో 42 ముక్కలు ఉంటాయి. పోగులు ఊడకుండా అంచులను రంపపు పళ్లలా కోస్తారు. ఒక రూపకర్త ఒక సంకలనంగా తయారుచేసిన అచ్చులలో ప్రతి రకం నుంచి ఒకటి, కొన్నింటి నుంచి రెండు ముక్కలు అందులో ఉంటాయి.

ఈ కొలతలోని సౌలభ్యాన్ని లెక్కతో చూడవచ్చు. నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతే ఒక్కొక్క చతురస్రం తొమ్మిదిన్నర అంగుళాలు కనిపిస్తుంది. ఆరేసి ముక్కలతో ఏడు వరుసలు కలిపితే 57 అంగుళాల వెడల్పు, 66.5 అంగుళాల పొడవు గల పైపొర సిద్ధమవుతుంది. అందుకు 41 కుట్లు చాలు. ఐదు అంగుళాల ముక్కలతో దాదాపు అదే కొలత రావాలంటే పదమూడేసి ముక్కలతో పదిహేను వరుసలు, అంటే 195 ముక్కలు, 194 కుట్లు అవసరం. పెద్ద చతురస్రంలో పెద్ద పూవు తెగకుండా నిలుస్తుంది. ఒక లేత రంగు ముక్కను, ఒక ముదురు రంగు ముక్కను మంచివైపులు ఎదురెదురుగా ఉంచి, కర్ణరేఖకు రెండువైపులా పావు అంగుళం ఎడంగా కుట్టి, రేఖవెంట కోస్తే రెండు రంగుల త్రిభుజాలు కలిసిన చతురస్రాలు రెండు వస్తాయి. బొంతల సంప్రదాయంలోని అనేక నక్షత్రాలు, చక్రాలు ఈ ఒక్క ఘటకం నుంచే నిర్మితమవుతాయి. అనగా పెద్ద చతురస్రం పూర్తయిన ముక్కగానూ పనికివస్తుంది, ముడి గుడ్డగానూ పనికివస్తుంది. కొన్నవారు కత్తిని మళ్లీ చేతిలోకి తీసుకునే అవకాశం అందులో మిగిలే ఉంది.

దీని సామాజిక ఫలితాలు తక్కువవి కావు. మిస్సోరీ రాష్ట్రంలోని హామిల్టన్ అనే చిన్న పట్టణంలో డోన్ కుటుంబం 2008లో ప్రారంభించిన మిస్సోరీ స్టార్ సంస్థ, జెన్నీ డోన్ వీడియో పాఠాల ద్వారా ఈ కట్టలకు పెద్ద ఆదరణ తెచ్చింది. ఆ పట్టణపు ప్రధాన వీధి బొంత గుడ్డల దుకాణాలతో నిండింది. కొత్తగా నేర్చుకునేవారికి, వేళ్ల నొప్పులతో కత్తెర పట్టలేని వృద్ధులకు, ఉద్యోగం చేస్తూ కొద్ది తీరిక మాత్రమే ఉన్నవారికి ఈ చతురస్రం కుట్టుపనిలో చోటు కల్పించింది.

అయితే కోతతోపాటు మరొక పని కూడా ఇల్లు దాటిందని గుర్తించాలి. కట్టలోని 42 ముక్కలు ముందే ఒకదానితో ఒకటి పొసగేలా ఎంపికయ్యాయి. ఏ ఎరుపు పక్కన ఏ పసుపు నిలుస్తుందన్న తర్జనభర్జన చాలావరకు రూపకర్త బల్లమీదే ముగిసింది. 'చార్మ్' అన్న మాట ప్రయాణం ఈ మార్పును చక్కగా చూపుతుంది. 19వ శతాబ్దిలో అది పొరుగింటి గడప ఎక్కి అడిగి తెచ్చుకున్న ముక్కల పేరు. నేడు అది ఒక పొట్లం పేరు.

7. గీస్ బెండ్: మిగిలిన ముక్కపై అధికారం

అలబామా రాష్ట్రం విల్కాక్స్ జిల్లాలో, నది వంపులో ఉన్న గీస్ బెండ్ గ్రామపు నల్లజాతి స్త్రీలు పనిబట్టలను, సంచులను, దొరికిన గుడ్డను కోసి బొంతలు కుట్టుకునేవారు. పౌరహక్కుల ఉద్యమ నేపథ్యంలో 1966లో ఆ ప్రాంతంలో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం ఏర్పడింది. పెద్ద నగరాల దుకాణాలకు సరఫరా చేయాలంటే కొలతలు, రంగులు, నమూనాలు ఒకే తీరుగా ఉండాలి. 1972లో సియర్స్ సంస్థకు కార్డురాయ్ దిండుగలీబులు కుట్టే ఒప్పందం కుదిరింది. ఆ పనిలో కోత కొనుగోలుదారు లెక్క ప్రకారమే సాగింది.

మిగిలిన కార్డురాయ్ ముక్కలు మాత్రం ఇళ్లకు చేరాయి. ఆ ముక్కలతో వారు కుట్టుకున్న బొంతలలో చతురస్రం సరిగా చతురస్రంగా ఉండదు. పట్టీలు వంకర తిరుగుతాయి, రంగు ఊహించనిచోట తెగుతుంది. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియంలోనూ, తరువాత విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శించినప్పుడు విమర్శకుల మెప్పు పొందినవాటిలో ఇవీ ఉన్నాయి. ఆ గుడ్డ నూరుపాళ్లు కర్మాగారపు సరుకే. కానీ దాని కొలతను, క్రమాన్ని నిర్ణయించినది కుట్టిన స్త్రీ. సరుకు అంగడిది కావడం కర్తృత్వానికి అడ్డు కాదని ఇంతకంటే బలమైన నిదర్శనం అవసరం లేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి:

అతుకుల బొంత శుద్ధమైన గృహోత్పత్తిగా ఆరంభమై తరువాత వ్యాపారం వల్ల చెడిపోయిందన్న అభిప్రాయానికి చరిత్రలో ఆధారం లేదు. 1708 నాటి చీటిముక్క సముద్రాలు దాటి వచ్చిన సరుకు. పది అంగుళాల చతురస్రం ఆ వరుసలో తాజాది.

పొదుపు కథ పూర్తిగా అబద్ధం కాదు. పిండిసంచులు, గీస్ బెండ్ పనిబట్టలు అందుకు సాక్ష్యం. కానీ దానిని అన్ని కాలాలకూ వర్తింపజేస్తే కోరమండల్ కలంకారీ పనివాడు, పత్తిచేలోని బానిస, 1933లో కూలికి కుట్టిన స్త్రీ కథనం నుంచి జారిపోతారు.

కనుక ఒక బొంతను చారిత్రక ఆధారంగా చదివేటప్పుడు గుడ్డ కొత్తదా పాతదా అన్న ప్రశ్నతో ఆగకూడదు. గుడ్డను ఎవరు తయారుచేశారు, ఎవరు కోశారు, రంగులను ఎవరు ఎంచారు, వరుసను ఎవరు కూర్చారు, కుట్టు ఎవరు వేశారు అన్న ప్రశ్నలను విడివిడిగా వేసి, ఒక్కొక్కదానికి ఎదురుగా పేరు రాయాలి. పేరు తెలియనిచోట ఖాళీని ఖాళీగానే చూపాలి. తెలుగునాట బొంతలు కుట్టిన తల్లులను, కూలికి కుట్టిన స్త్రీలను గురించిన అధ్యయనానికీ ఇదే పట్టిక ఉపకరిస్తుంది. ఆ పని మొదలైన రోజున 'అతుకుల బొంత' అన్న తిట్టుమాటకు కూడా కొత్త అర్థం దొరుకుతుంది.